పదహారు వందల్లో గింజ ఖరీదెంత?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నెల రోజుల కిందట మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, మీరు ముప్పై ఏళ్లు వ్యవసాయ శాఖలో చేశారు కదా, టెక్నాలజీ వల్ల సమాజానికి మేలెంత, కీడెంత అన్న విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నాడు. నేను కంప్యూటర్లు చదివినవాణ్ని కాదు. మీలో చాలామంది ఆ రంగంలోనే ఉన్నారు, మీకు నేను చెప్పగలిగేది లేదు. నాకు తెలిసిన టెక్నాలజీ ఒకటే. అది పత్తి గింజ. కాబట్టి దాని గురించే మాట్లాడతాను. చివర్లో మన బడికి సంబంధించిన ఒక మాట ఉంది. అది చెప్పడానికే నిజానికి ఒప్పుకున్నాను.

ముందు మన లెక్కల మాస్టారిని తలుచుకోవాలి. ఆయన దిద్దిన పరీక్ష పేపరు చూసినవాళ్లెవరూ మరిచిపోరు. జవాబు కరెక్టుగా ఉన్నా, దారి చూపించకపోతే సగం మార్కులు కోసేవారు. "జవాబు పక్కవాడి పేపర్లోనూ దొరుకుద్దిరా. ఎట్లా వచ్చిందో చూపించు" అనేవారు. అప్పట్లో అది మాకు చాదస్తంగా కనిపించింది. ఆ మాట విలువ నాకు నలభై ఏళ్లు దాటాక, మా అన్నయ్య అడిగిన ఒక ప్రశ్నతో తెలిసొచ్చింది.

మాది పల్నాడులో నల్లరేగడి మీద పత్తి వేసే కుటుంబం. ఈ సభలో సగం మందిది అదే కథ. 1987లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిని ఊడ్చేసిన సంవత్సరం మా ఇంట్లో పండగ లేదు. చేలల్లో పైరు నల్లబడింది, ఊళ్లలో మనుషులు మందు తాగారు. పదేళ్ల తర్వాత, 1997-98లో, వరంగల్ జిల్లాలో లద్దెపురుగు అదే పని చేసింది. శనగపచ్చ పురుగు సంగతి సరేసరి, అది ఏటా వచ్చేది. మందు మీద మందు కలిపి కొట్టేవాళ్లు. పురుగు చావకపోతే మందు కల్తీ అనుకునేవాళ్లు. మందు మంచిదే అయినా పురుగు దానికి అలవాటు పడిపోయిందని చెప్పడానికి వెళ్లిన మాబోటి అధికారులను ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

అలాంటి రోజుల్లో, 2002 మార్చిలో, మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి జన్యువును తీసి పత్తిలో పెట్టారు. దానివల్ల మొక్క తనంతట తానే ఒక ప్రొటీన్ తయారు చేసుకుంటుంది. కాయ తొలిచే పురుగు దాన్ని తింటే చస్తుంది. నేను అప్పుడు మండల వ్యవసాయ అధికారిని. మొదట్లో వచ్చిన రకాలు మన నేలలకు అంతగా కుదరలేదు. తర్వాత ఇక్కడి కంపెనీలు తమ మంచి హైబ్రిడ్లలో ఆ జన్యువును ఎక్కించుకున్నాక పైరు నిలబడింది. శనగపచ్చ పురుగుకు కొట్టే మందులు తగ్గాయి. ఇది నా కళ్లతో చూశాను. ఎవరైనా ఈ టెక్నాలజీ మొదటి నుంచీ మోసమే అంటే నేను ఒప్పుకోను. 2001-02లో దేశంలో హెక్టారుకు సగటున 300 కిలోల చిల్లర ఉన్న దూది దిగుబడి, 2007-08 నాటికి 550 కిలోలు దాటింది. అదంతా బీటీ ఘనతే కాదు. నీళ్లు, ఎరువులు, కొత్త హైబ్రిడ్లు, కొత్త మందులు, మంచి వానలు అన్నీ కలిశాయి. కానీ దాని పాలు లేదనడం అన్యాయం.

అందుకే నేను రైతులకు బీటీ వెయ్యమనే చెప్పాను. మా అన్నయ్యకూ అదే చెప్పాను.

2004 తొలకరి ముందు అన్నయ్య టౌనులో ఎరువుల కొట్టు దగ్గర ఐదు ప్యాకెట్లు కొనుక్కుని మా ఇంటికి వచ్చాడు. ఎకరానికి ఒక ప్యాకెట్ చొప్పున ఐదెకరాలకు. ఒక్కో ప్యాకెట్ 450 గ్రాములు. ఒక్కోటి పదహారు వందలు. మామూలు హైబ్రిడ్ ప్యాకెట్ అప్పట్లో నాలుగైదు వందలకు వచ్చేది. అన్నయ్య ప్యాకెట్‌ను అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నట్టు ఊపి అడిగాడు: "ఏరా, నువ్వు చదువుకున్నోడివి. ఈ పదహారు వందల్లో గింజ ఖరీదెంత? మిగతాది దేనికి?"

నేను చెప్పలేకపోయాను. "టెక్నాలజీ ఖర్చు అన్నయ్యా" అన్నాను. "అదే, ఎంత?" అన్నాడు. నాకు తెలియదు. నా పై అధికారికీ తెలియదు. కొట్టాయనకూ తెలియదు. ధర ఎంతో అందరికీ తెలుసు, అది ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలియదు. మాస్టారైతే సగం మార్కులు కోసేవారు.

తర్వాత తెలిసిన లెక్క చెబుతాను. జన్యువు మీద హక్కు అమెరికాకు చెందిన మోన్‌శాంటోది. మన దేశంలో ఆ కంపెనీ, మహికో కలిసి పెట్టిన ఉమ్మడి సంస్థ మహికో మోన్‌శాంటో బయోటెక్. విత్తన కంపెనీలన్నీ ఆ సంస్థ దగ్గర లైసెన్సు తీసుకుని, అమ్మిన ప్రతి ప్యాకెట్‌కు ఇంత అని కట్టాలి. దాన్ని 'ట్రెయిట్ వాల్యూ' అన్నారు, అంటే ఆ గుణానికి కట్టే రుసుము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బయటపెట్టిన లెక్క ప్రకారం 1,850 రూపాయల ప్యాకెట్‌లో 1,250 రూపాయలు ఆ రుసుమే. గింజను పండించిన రైతుకు, శుభ్రం చేసిన కూలీకి, ప్యాక్ చేసిన కంపెనీకి, అమ్మిన దుకాణానికి అందరికీ కలిపి మిగిలింది 600.

రైతు సంఘాలు గొడవ చేశాయి. 2006 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీలో గుత్తాధిపత్య, నిర్బంధ వ్యాపార పద్ధతుల కమిషన్‌ను ఆశ్రయించింది. పేపర్లలో ఎమ్మార్టీపీసీ అని రాసేవాళ్లు. ఏ పార్టీ ప్రభుత్వం అన్నది ఈ సభలో చర్చ కాదు, ఆ పని ఎవరు చేసినా మెచ్చుకునేదాన్నే. వాళ్లు అడిగింది చాలా చిన్న ప్రశ్న. ఇదే జన్యువుకు చైనా రైతు దగ్గర ఎన్నో రెట్లు తక్కువ తీసుకుంటూ మా రైతు దగ్గర ఇంత ఎందుకు తీసుకుంటున్నారు? మా అన్నయ్య అడిగిన ప్రశ్నే, కాకపోతే వకీళ్ల భాషలో.

కంపెనీ వాదన కూడా చెప్పాలి. పరిశోధనకు ఏళ్లు పడుతుంది, కోట్లు ఖర్చవుతాయి, పది ప్రయత్నాల్లో ఒకటి ఫలిస్తుంది, ఆ ఒక్కదాని మీదే మిగతా తొమ్మిదింటి నష్టం రాబట్టుకోవాలి. పైగా రైతు మందుల ఖర్చు తగ్గింది కాబట్టి ఆ లాభంలో మాకు వాటా న్యాయమే. ఇది కొట్టిపారేసే మాట కాదు. కష్టపడి కనిపెట్టినవాడికి ప్రతిఫలం ఉండాలి. కానీ ఎంత అనేది ఎవరు తేలుస్తారు? కొనేవాడికి మరో చోటు ఉంటే బజారు తేలుస్తుంది. అమ్మేవాడు ఒక్కడే అయినప్పుడు అతను చెప్పిందే ధర. అప్పుడు తేల్చడానికి మూడో మనిషి ఉండాలి.

2006 మే నెలలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి రుసుము ప్యాకెట్‌కు 900 రూపాయలుగా ఉంది. అది వసూలు చెయ్యవద్దని, చైనా వంటి చోట్ల తీసుకుంటున్న పద్ధతిలో సమంజసమైన ధర పెట్టమని చెప్పింది. వెంటనే రాష్ట్ర ప్రభుత్వం 450 గ్రాముల ప్యాకెట్‌ను 750 రూపాయలకు మించి అమ్మకూడదని ఆదేశించింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. స్టే రాలేదు. పత్తి పండించే మిగతా రాష్ట్రాలు కూడా మన దారి పట్టాయి. మరుసటి ఏడు, 2007లో, మన శాసనసభ పత్తి విత్తనాల ధర నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఇస్తూ చట్టమే చేసింది.

ఆ తొలకరికి అన్నయ్య ఐదు ప్యాకెట్లకు 3,750 రూపాయలు పెట్టాడు. పాత ధరకైతే ఎనిమిది వేలు. మిగిలింది 4,250. ఆ రోజుల్లో మా పెద్దవాడి కాలేజీ ఫీజులో అది పెద్ద ముక్క అని వదిన ఇప్పటికీ చెబుతుంది. గింజ అదే. జన్యువు అదే. పురుగును చంపే గుణం అదే. మారింది ఒక్కటే, లెక్క చూపించమని అడిగినవాడు ఒకడు వచ్చాడు. సగం కంటే ఎక్కువ ధర ఆ ఒక్క ప్రశ్నకు పడిపోయింది. విత్తనాలు అమ్మడం మానేసి ఏ కంపెనీ వెళ్లిపోలేదు. ఆ తర్వాతి ఏళ్లలోనే దేశంలో పత్తి విస్తీర్ణంలో తొంభై శాతానికి పైగా బీటీ అయింది.

కథ ఇక్కడ ఆపితే మీరు చప్పట్లు కొడతారు, నేను దిగిపోవచ్చు. కానీ దారి మొత్తం చూపించాలి కదా.

రెండో సంగతి. బీటీ వచ్చిన కొద్ది ఏళ్లకే బీటీ కాని పత్తి విత్తనం కొట్లలో కనిపించకుండా పోయింది. మన చట్టం మంచిదే. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు. కానీ మన దేశంలో బీటీ దాదాపు అంతా హైబ్రిడ్లలోనే వచ్చింది. హైబ్రిడ్ గింజను దాచి వేస్తే రెండో ఏడు మొక్కలు ఒక తీరున రావు. హక్కు కాగితం మీద ఉంది, గింజ మాత్రం ఏటా కొనాల్సిందే. నంద్యాల పరిశోధన కేంద్రం ఇచ్చిన నరసింహ లాంటి సూటి రకాలు ఒకప్పుడు మన చేలల్లో ఉండేవి. వాటి గింజ రైతు ఇంట్లోనే దొరికేది. అలాంటి సూటి రకంలో బీటీ ఇచ్చే ప్రయత్నం ప్రభుత్వ సంస్థలు చేశాయి కానీ అది నిలబడలేదు. ధర తగ్గించగలిగాం. కావాలంటే బయటికి వచ్చే దారిని మాత్రం పోగొట్టుకున్నాం.

మూడో సంగతి నా తప్పుతో కలిసి ఉంది. బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఒకటి ఇచ్చేవాళ్లు. అది బీటీ కాని గింజ. చేను చుట్టూ దాన్ని వెయ్యాలి. పురుగు అక్కడ బతికి, బీటీని తట్టుకునే పురుగుతో జతకడితే, ఆ తట్టుకునే గుణం పలచబడి నెమ్మదిస్తుంది. శాస్త్రం చక్కనిది. కానీ చేను చుట్టూ ఐదు సాళ్లు పురుగుకు వదిలెయ్యమంటే, కౌలు కట్టే రైతు ఎట్లా వదులుతాడు? నష్టం తనది, లాభం ఊరందరిది. ఎవరూ వెయ్యలేదు. మా అన్నయ్య ఆ ప్యాకెట్‌ను గట్టు మీద పారేశాడు. నేను రైతు సదస్సుల్లో దాని గురించి ఒక్క వాక్యం చెప్పి తర్వాతి అంశానికి వెళ్లిపోయేవాణ్ని. గట్టిగా చెబితే రైతులు లేచి వెళ్లిపోతారని భయం. చెప్పినట్టు రిజిస్టర్‌లో మాత్రం సంతకం చేశాను.

2010లో గుజరాత్‌లోని కొన్ని జిల్లాల్లో గులాబీ రంగు పురుగు మొదటి తరం బీటీని తట్టుకుంటోందని కంపెనీయే ప్రకటించింది. మరో ఐదారేళ్లలో రెండు జన్యువులున్న రెండో తరం బీటీని కూడా తట్టుకుంది. తర్వాత ఆ పురుగు మన దగ్గరా కాయల్లో కనిపించింది. పైకి కాయ బాగుంటుంది, పగిలాక చూస్తే లోపల గుడ్డి పత్తి. అన్నయ్య మళ్లీ మందు డబ్బా భుజానికి తగిలించాడు. పురుగు రాదన్న గుణానికే కదా రుసుము కట్టింది, ఆ గుణం పోయాక కూడా ఏళ్ల తరబడి ఎందుకు కట్టాలి? ఎవరిని అడగాలి? కంపెనీ, రైతు చిన్న ప్యాకెట్ వెయ్యలేదంది. రైతు, నాకెవరూ సరిగా చెప్పలేదన్నాడు. చెప్పాల్సినవాణ్ని నేనే. నా సంతకం రిజిస్టర్‌లో ఉంది.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. 2015 చివర్లో కేంద్రం దేశమంతటికీ పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో రుసుమును ప్యాకెట్‌కు 49 రూపాయలు చేసింది. 2019లో అది 20, 2020లో సున్నా. ఒకప్పటి 1,250 సున్నాకు చేరడానికి పధ్నాలుగేళ్లు పట్టింది. ఈలోగా మన హైదరాబాద్ కంపెనీ నూజివీడు సీడ్స్‌కు, మోన్‌శాంటోకు మధ్య రుసుము మీద, పేటెంటు మీద పెద్ద కేసు నడిచింది. 2018లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఆ పేటెంటు చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి మళ్లీ విచారించమంది. 2021లో ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి. గింజలోకి ఎక్కిన జన్యువు మీద పేటెంటు చెల్లుతుందా అన్న ప్రశ్నకు ఆ కేసులో తుది జవాబు రాకుండానే పోయింది. 2018లో మోన్‌శాంటోనే జర్మనీకి చెందిన బేయర్ కొనేసింది.

ధర తగ్గించినందుకు మనం కట్టిన మూల్యమూ ఉంది. కలుపు మందును తట్టుకునే కొత్త బీటీ కోసం పెట్టుకున్న దరఖాస్తును 2016లో కంపెనీ వెనక్కి తీసుకుంది. అధికారికంగా కొత్తది రాలేదు. దొంగచాటుగా మాత్రం వచ్చింది. దాన్ని మన ఊళ్లలో గడ్డిమందు పత్తి అంటున్నారు. బిల్లు లేదు, హామీ లేదు, మొలవకపోతే అడిగే దిక్కు లేదు. పెద్ద కంపెనీని కట్టడి చెయ్యడం ఒక్కటే చాలదు. మన పరిశోధన కేంద్రాల్లో ఖాళీలు నింపి, మన శాస్త్రవేత్తల చేత మనకు కావలసినవి చేయించుకోకపోతే ఆ ఖాళీలోకి దొంగ సరుకు వస్తుంది. అమ్మేవాణ్ని ప్రశ్నించడంతో పాటు, కొనడానికి మరో చోటు కూడా మనమే కట్టుకోవాలి.

ఈ కథంతా చెప్పింది పత్తి కోసం కాదు. ఏ టెక్నాలజీ మన గుమ్మం ముందుకు వచ్చినా అడగాల్సిన మూడు ప్రశ్నలు ఇందులో ఉన్నాయి. ధర ఎట్లా తేలింది? వద్దనుకుంటే బయటికి వచ్చే దారి ఉందా? పని చెయ్యకపోతే నష్టం ఎవరిది?

మీ జేబుల్లో ఉన్న ఫోనును అడిగి చూడండి. 2016లో మొదలైన యూపీఐ బ్యాంకులన్నీ కలిసి పెట్టుకున్న సంస్థ నడిపే రోడ్డు లాంటిది. ఆ రోడ్డు మీద ఎవరి బండైనా వెళ్లొచ్చు. మన సెంటర్లో టీ కొట్టు వెంకన్న ఒక యాప్ తీసేసి ఇంకోటి పెట్టుకున్నా అతని డబ్బు ఎక్కడికీ పోదు. అంటే రెండో ప్రశ్నకు జవాబు బాగుంది. అయినా చెల్లింపుల్లో చాలా భాగం రెండే యాప్‌ల నుంచి జరుగుతోంది. ఏ యాప్‌కూ 30 శాతానికి మించి ఉండకూడదని 2020లో పెట్టిన నియమం గడువు వాయిదాల మీద వాయిదాలు పడుతూ వచ్చింది. రోడ్డు మనదైనంత మాత్రాన సరిపోదు, కాపలా కూడా ఉండాలి.

ఇంకో సంగతి. మన బడి పిల్లలు కొందరు హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో కూర్చుని యాప్‌లు రాస్తున్నారు. గర్వంగా ఉంది. మన బడి పిల్లలే మరి కొందరు అదే హైదరాబాద్‌లో వానలో బండి మీద భోజనాలు మోస్తున్నారు. వాళ్లలో ఒకబ్బాయి మొన్న సంక్రాంతికి కలిసి చెప్పాడు. నిన్న ఒక ఆర్డర్‌కు ఇంత, ఇవాళ అదే దూరానికి అంతకంటే తక్కువ వచ్చిందట. ఎందుకని అడిగితే యాప్ అట్లా చూపించింది అన్నారట. ఇరవై ఏళ్ల కిందట నేను అన్నయ్యతో "టెక్నాలజీ ఖర్చు" అన్నాను చూడండి, ఇదీ అలాంటి జవాబే. ఇలాంటి పనివాళ్ల కోసం 2023లో రాజస్థాన్ దేశంలోనే మొదటి చట్టం చేసింది. అది మొదలు మాత్రమే. యాప్ రాసే తమ్ముళ్లకు నా మనవి ఒక్కటే. మీ ఆఫీసులో మీటింగ్ జరిగేటప్పుడు, "ఈ రేటు ఎట్లా వచ్చిందో ఆ బండి అబ్బాయికి కనిపించేలా పెట్టొచ్చు కదా" అని ఒక్కసారి అడగండి. మీరూ అతనూ ఒకే బోర్డు మీద లెక్కలు నేర్చుకున్నారు.

ఇప్పుడు మన బడి మాట. స్వర్ణోత్సవం సందర్భంగా పిల్లలకు ట్యాబులు కొనివ్వాలని సంఘం అనుకుంటోంది. ఒక కంపెనీ అందులో తన పాఠాల యాప్‌ను రెండేళ్లు ఉచితంగా ఇస్తానని ముందుకు వచ్చిందని కార్యవర్గం చెప్పింది. చందాల చిట్టాలో నా పేరూ ఉంది. అది వెనక్కి తీసుకోను. నేను ట్యాబులకు వ్యతిరేకిని కాను. బీటీకీ కాదు. కానీ సంతకం పెట్టే ముందు ఆ మూడు ప్రశ్నలూ అడగమని ఈ సభ ముఖంగా కోరుతున్నాను.

మూడో ఏడు ధర ఎంత? అది ఇప్పుడే కాగితం మీద రాసిస్తారా? ఆ యాప్ తీసేస్తే ట్యాబు మిగతా పాఠాలకు, ఉదాహరణకు ప్రభుత్వమే ఉచితంగా నడుపుతున్న దీక్షా లాంటి వాటికి పనికొస్తుందా, లేక పలకలా మూలన పడుతుందా? పిల్లలు ఏ ప్రశ్న దగ్గర తప్పు చేశారు, ఎంతసేపు చూశారు అన్న వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, ఏం చేస్తారు? 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. ఆ అనుమతి కాగితం తెలుగులో ఉంటుందా, మా వదిన లాంటి తల్లులు చదవగలిగేట్టు? చివరిగా, నడి సంవత్సరంలో ఆ కంపెనీ మూతపడితే పదో తరగతి పిల్లలకు జవాబుదారీ ఎవరు?

వీటికి మంచి జవాబులు వస్తే నేనే వెళ్లి ట్యాబుల పెట్టెలు మోసుకొస్తాను. రాకపోతే అదే డబ్బుతో లైబ్రరీ గదికి కప్పు వేయించి, ఖాళీగా ఉన్న లెక్కల పోస్టులో ప్రభుత్వం మనిషిని వేసేదాకా ఒక మాస్టారికి జీతం ఇద్దాం. ఉచితంగా వచ్చినదానికి ప్రశ్నలేంటి, బాగుండదు అని కొందరు మిత్రులు అన్నారు. ఆ మొహమాటం నాకు తెలుసు. ఆ చిన్న ప్యాకెట్ గురించి గట్టిగా చెప్పకుండా నన్ను ఆపింది అలాంటి మొహమాటమే. దాని బిల్లు మా అన్నయ్య కట్టాడు.

అన్నయ్య ఇప్పుడు లేడు. పొలం పిల్లలు కౌలుకిచ్చారు. మొన్న ఊరెళ్లినప్పుడు కౌలు రైతు, మన బడిలోనే చదివిన కుర్రాడు, విత్తనం ప్యాకెట్ తెచ్చి ఫోనులో దాని కోడ్ స్కాన్ చేస్తూ అడిగాడు: "బాబాయ్, మీరు ఆఫీసరుగా చేశారంట కదా, ఇందులో దేనికెంతో చెప్పగలరా?" ఈసారి చెప్పగలిగాను. గట్టు మీద కూర్చుని కాగితం మీద దారి మొత్తం రాసి చూపించాను. అందులో నా సంతకం సంగతి కూడా రాశాను.

పిల్లలూ, మీకు ఒక్క మాట. జవాబు చూపించే మిషన్లు ఇక మీ చుట్టూ చాలా ఉంటాయి. మా మాస్టారు అడిగినట్టు, దారి చూపించమని వాటిని అడగండి. వాటి వెనక ఉన్న మనుషులనూ అడగండి. కోపంగా అక్కర్లేదు, లెక్కగా అడగండి.